కుక్క చర్మము క్రింది సంఖ్య

తప్పిపోయిన కుక్క మెడపట్టీ ఊడిపోవచ్చును. భుజముల నడుమ చర్మము క్రింద నుంచిన మైక్రోచిప్పు ఊడదు. ఇది బియ్యపు గింజకంటె కొంచెము పెద్దదైన గాజుగొట్టము. ఇందులో బ్యాటరీ లేదు, సన్నని తీగచుట్ట కలదు. స్కానరును దగ్గరకు తెచ్చినపుడు దాని మారుచుండు అయస్కాంత క్షేత్రము ఆ చుట్టలో విద్యుత్తును పుట్టించును. 1831లో ఫారడే కనుగొన్న ప్రేరణయే ఇది! ఆ కొద్ది శక్తితో చిప్పు తన 15 అంకెల సంఖ్యను తెలుపును. అంతే. యజమాని యెవరో, కుక్క యెక్కడ తిరుగుచున్నదో దానికి తెలియదు. పేరు, చిరునామా, ఫోను నెంబరు వేరొకచోట రిజిస్టరులో ఉండును. ఇల్లు మారినవారు వానిని దిద్దించనిచో, స్కానరు సంఖ్యను సరిగానే చదువును, ఫోను మాత్రము మరెవరి యింటనో మ్రోగును. ఇంగ్లండులో 2016 నుండి కుక్కలకు, 2024 నుండి పిల్లులకు చిప్పును తప్పనిసరి చేసిన చట్టము, ఈ వివరములను ఎప్పటికప్పుడు దిద్దించుటను గూడ యజమానికే విధించినది.