మండువా ఇంటిలో చల్లని గది

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తియు మిరపయు పండించు పల్లెలందు పాత మండువా లోగిళ్ళు నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. మూరెడు మందము గల గోడలు, సున్నపు పూత, పైన పెంకులు, నడుమ ఆకాశమునకు తెరచిన మండువా. అట్టి యింటిలో ఏసీ పెట్టవచ్చునా, పెట్టినచో ఇల్లు చెడునా యని పలువురు సందేహించుచున్నారు. ఇది విలాసమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించిరి. ముదుసలులున్న యింట చల్లని గది యొకటి అవసరమే.

మొదట ఆ యంత్రమేమి చేయునో తెలిసికొందము. అది చలువను పుట్టించదు. మోటారు బావిలోని నీటిని పైకి తోడినట్లు, అది గదిలోని వేడిని తోడి బయట పోయును. కనుకనే దానిని శాస్త్రజ్ఞులు హీట్ పంపు అందురు. లోపలి గొట్టములలో ద్రవము ఆవిరియగుచు వేడిని పీల్చుకొనును. కంప్రెసరు ఆ యావిరిని అదిమి మరింత వేడెక్కించును. బయటి పెట్టెలో అది తన వేడిని విడిచి మరల ద్రవమగును. శీతల దేశములలో ఇదే పద్ధతిని త్రిప్పి నడిపి, బయటి గాలిలోని వేడిని ఇంటిలోనికి తెచ్చుకొందురు. పిమ్మట కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కిన విలియం థామ్సన్ 1852లోనే ఈ యుపాయమును సూచించెను. ఒక పాలు విద్యుత్తు వ్యయించిన, సుమారు మూడు పాళ్ళ వేడి కదలును. బయటి ఎండ ముదిరిన కొలది ఈ లాభము తగ్గును.

ఇక మన పాత యింటి స్వభావమును గమనింతము. మందపు గోడ పగటి వేడిని మెల్లగా లోనికి తీసికొని రాత్రి గదిలోనికి విడుచును. ఆ వేడి మండువా మీదుగా పైకి పోవును. ఏసీ కొరకు మండువాపై రేకులు కప్పినచో ఆ దారి మూసికొనిపోవును. కావున ఇల్లంతయు చల్లబరచు ఆశ విడిచి, పడమటి యెండ తగులని గది నొక్కదానిని ఎన్నుకొనవలెను. పెంకుల క్రింద చెక్కతో లోకప్పు వేయించి, తలుపుల సందులు పూడ్పించవలెను. బయటి పెట్టెను మండువాలో ఉంచరాదు. తోడిన వేడి మరల ఇంటి నడుమనే చేరును. ఉత్తరపు గోడ వెలుపల, గాలి యాడుచోట అమర్చుట మేలు. పాత తీగెలు ఆ బరువు మోయలేవు గనుక వేరుగా తీగె, ఎర్తు వేయించుట తప్పనిసరి.

మన నల్లరేగడి నేలకు సంబంధించిన జాగ్రత్త మరియొకటి కలదు. ఈ నేల తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును. ఏసీనుండి కారు నీరు దినదినము గోడ మొదట పడినచో పునాది ఒకవైపు లేచి గోడ పగులును. ఆ నీటిని గొట్టముతో దూరముగా చెట్ల పాదులకు చేర్చవలెను. సున్నపు గోడపై సిమెంటు పూయుటయు తగదు. లోని చెమ్మ బయటికి పోజాలక పూత ఊడును.

యంత్రమును 24 డిగ్రీల వద్ద నుంచి పంకా త్రిప్పుకొనిన చాలును. ప్రొద్దు క్రుంకి బయటిగాలి చల్లబడిన పిమ్మట యంత్రము నాపి, మండువా వైపు తలుపులు తెరువుడు.