క్యాంపస్ ప్రశ్నలకి జవాబు చెప్పే వాయిస్ అసిస్టెంట్: 36 గంటల్లో ఎలా చేయాలి?

హ్యాకథాన్‌లకి మెంటర్‌గా వెళ్తుంటే నాకు తరచుగా వినిపించే ఐడియా ఒకటుంది. "సార్, మా కాలేజీకి వాయిస్ అసిస్టెంట్ చేస్తున్నాం. నోటితో అడిగితే నోటితో జవాబు చెప్తుంది." మంచి ఐడియానే. స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో సాఫ్ట్‌వేర్ టీమ్‌లకి ఇచ్చే టైమ్ 36 గంటలు. ఆ టైమ్‌లో ఇది అవుతుందా? అవుతుంది. కాకపోతే ఆ గంటలు దేని మీద పెట్టాలో తెలియాలి. ఈరోజు అదే మాట్లాడుకుందాం.

ఇందులో మూడు మెట్లుంటాయి. ఒకటి, మాటని అక్షరాలుగా మార్చడం. రెండు, ప్రశ్నకి జవాబు వెతకడం. మూడు, ఆ జవాబుని మళ్ళీ మాటగా వినిపించడం. ఒకటో మెట్టుకీ మూడో మెట్టుకీ రెడీగా మోడల్స్ దొరుకుతాయి. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ ఉంది. దాన్ని 6,80,000 గంటల ఆడియోతో ట్రెయిన్ చేశారు గానీ, అందులో తెలుగు వాటా చాలా చిన్నది. అందుకని ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ మోడల్స్, కేంద్ర ప్రభుత్వ భాషిణి కూడా ట్రై చేసి, మీ గొంతులతోనే పోల్చి చూడండి.

మొదటి మెట్టులో చిక్కు ఏంటంటే, మన పిల్లలు మాట్లాడే తీరు. "సప్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తది?" అంటారు. సప్లీ అంటే సప్లిమెంటరీ ఎగ్జామ్ అని మనకి తెలుసు. మెషీన్ దాన్ని 'సప్లై' అని రాసుకోవచ్చు. కండోనేషన్, బ్యాక్‌లాగ్, బోనఫైడ్, డిటెయిన్ లాంటి క్యాంపస్ మాటలన్నీ ఒక లిస్ట్ రాయండి. విస్పర్‌కి దాన్ని ముందే ప్రాంప్ట్‌గా ఇవ్వొచ్చు. చిన్న పనే గానీ, చాలా తేడా తెస్తుంది.

ఇక అసలు కథ రెండో మెట్టు. ఒక ఉదాహరణ చూడండి. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ రూల్స్ ప్రకారం 75 శాతం అటెండెన్స్ ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే, సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ అడగొచ్చు. 65 కంటే తగ్గితే ఆ దారి లేదు, డిటెయిన్ అవుతారు. ఆ సెమిస్టర్ మళ్ళీ వచ్చేదాకా ఆగాలి. అంటే మామూలుగా ఏడాది పోయినట్టే.

ఇప్పుడు 66 దగ్గరున్న ఒక అబ్బాయి సెమిస్టర్ మధ్యలో అడిగాడనుకోండి. లాంగ్వేజ్ మోడల్ ఎక్కడెక్కడో చదివినదంతా కలిపి, "ఏం పర్లేదు, ఫీజు కడితే సరిపోతుంది" అని తియ్యగా చెప్పేసింది. ఆ ధైర్యంతో అతను ఇంకో వారం క్లాసులు మానేస్తే? స్క్రీన్ మీద అయితే కింద ఏ రూల్ నుంచి తీసుకుందో చూసుకోవచ్చు. గొంతుతో చెప్తే చెక్ చేసుకునే వీలు లేదు, నమ్మేస్తాం. అందుకే వాయిస్‌లో తప్పు జవాబు ఎక్కువ ప్రమాదం.

దీనికి నేను టీమ్‌లకి మూడు పనులు చెప్తాను.

మొదటిది, మోడల్ తన సొంత తెలివితో జవాబు చెప్పకూడదు. మీరిచ్చిన కాగితాల్లోంచే చెప్పాలి. రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్ అంటారే, అదే. పీడీఎఫ్‌ని పేజీల లెక్కన ముక్కలు చేయకండి, రూల్‌కి ఒక ముక్క చేయండి. ప్రతి ముక్కకీ ఏ రెగ్యులేషన్, ఏ తేదీ అన్నది తగిలించండి. ఆర్18 వాళ్ళకి, ఆర్22 వాళ్ళకి రూల్స్ తేడా ఉండొచ్చు కాబట్టి, "మీది ఏ రెగ్యులేషన్?" అని అసిస్టెంటే అడగాలి.

రెండోది, అంకె వినిపిస్తే తిరిగి చెప్పించండి. "అరవై ఆరు శాతం అన్నారు కదా?" అని. అరవైకి డెబ్బై విన్నా జవాబు మారిపోతుంది.

మూడోది, కాగితాల్లో లేకపోతే "నాకు తెలియదు, ఎగ్జామ్ బ్రాంచ్‌లో అడగండి" అని చెప్పాలి. అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2016లో పౌన్స్ అనే మెసేజ్ బాట్ పెట్టింది. దానికి తెలియని ప్రశ్న సిబ్బందికి వెళ్ళేది. వాళ్ళిచ్చిన జవాబు బాట్‌లో చేరేది. చేరతామని చెప్పి చివరికి చేరకుండా ఆగిపోయే విద్యార్థుల సంఖ్య అక్కడ దాదాపు 21 శాతం తగ్గింది. తెలియదని చెప్పడం చేతకానితనం కాదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

మూడో మెట్టుకి రెండే మాటలు. జవాబు రెండు వాక్యాలు దాటకూడదు. ఇద్దరు మనుషులు మాట్లాడుకునేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ సెకనులో ఐదో వంతు ఉంటుందంతే. అందుకని జవాబంతా తయారయ్యేదాకా ఆగకుండా, మొదటి వాక్యం రాగానే వినిపించడం మొదలుపెట్టండి.

మరి 36 గంటలు ఎలా పంచుకోవాలి? మొదటి ఆరు గంటలు కోడ్ రాయొద్దు. హాస్టల్‌కి, క్యాంటీన్‌కి వెళ్ళి నిజం ప్రశ్నలు 50 రికార్డ్ చేసుకోండి. వాటిలో ఓ పది మీ కాగితాల్లో జవాబు లేనివి ఉండాలి. చివరి ఆరు గంటలు ఆ 50 తోనే టెస్ట్ చేయండి. రైట్, రాంగ్, తెలియదు అని మూడు గళ్ళు గీయండి. ముందు రాంగ్ గడి ఖాళీ అవ్వాలి, రైట్ గడి పెంచడం ఆ తర్వాత.

డెమోలో జడ్జిల ముందు, దానికి తెలియని ప్రశ్న ఒకటి మీరే అడిగి చూపించండి. ఎక్కడ ఆగాలో దానికి తెలుసు అని వాళ్ళకి అప్పుడే అర్థమవుతుంది. ఉంటాను, మరో ఎపిసోడ్‌లో కలుద్దాం.