సున్నం నేల మీద ఈతకొలను

కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు చల్లితే అది కుతకుతలాడి, పగిలి, తెల్లటి పిండిగా రాలిపోతుంది. పిడుగురాళ్ల సున్నం బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకు ఇది రోజూ చూసేదే. ఆ పిండికి క్లోరిన్ వాయువు పట్టిస్తే బ్లీచింగ్ పౌడర్ అవుతుంది. ఊరి బావిలో, ఓవర్‌హెడ్ ట్యాంకులో, వరద తీసిన వీధిలో చల్లే ఈ పొడి వయసు రెండు వందల ఏళ్లు దాటింది. నరసరావుపేట శివారు తోటలో ఎవరైనా కొత్తగా ఈతకొలను కట్టించుకుంటే మొదట గుర్తొచ్చేదీ ఇదే. నీళ్లు పచ్చబడగానే మరో డబ్బా తెచ్చి పోస్తారు. పచ్చదనం మాత్రం పోదు. లోపం పొడిలో ఉండకపోవచ్చు. పల్నాడు నేలనూ, నేల కింది నీటినీ చూడాలి.

పొడి కథ గుడ్డలతో మొదలైంది. 1774లో స్వీడన్‌లో మందుల తయారీలో ఉన్న కార్ల్ షీలే మాంగనీసు ఖనిజాన్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేసి వేడిచేస్తే ఊపిరాడనివ్వని పసుపుపచ్చ వాయువు వచ్చింది. అది పూల రంగును, ఆకుల రంగును పీల్చేసింది. 1785లో ఫ్రాన్స్‌లో బెర్తొలే దాన్ని గుడ్డలు తెల్లబరచడానికి వాడి చూపించారు. అప్పటిదాకా ఐరోపాలో నేసిన గుడ్డను నెలల తరబడి పచ్చిక మీద ఎండబెట్టేవారు, పులిసిన పాలలో నానబెట్టేవారు. కానీ వాయువును మూటగట్టి ఊరూరా మోసుకెళ్లలేరు కదా. ఆ చిక్కు విప్పింది స్కాట్లాండ్‌లో నేతపని నేర్చిన చార్లెస్ టెనెంట్. క్లోరిన్‌ను సున్నంలో బంధించి, పీపాల్లో నింపి పంపగల పొడిగా మార్చి 1799లో పేటెంటు తీసుకున్నారు.

గుడ్డలకు పుట్టిన పొడి ప్రాణాలు కాపాడుతుందని తెలియడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ డాక్టర్ల చేత క్లోరిన్ పట్టిన సున్నపు నీళ్లతో చేతులు కడిగించారు. బాలింతల చావులు తగ్గిపోయాయి. సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్న సంగతి అప్పటికింకా రుజువు కాలేదు. 1908 సెప్టెంబరులో అమెరికాలోని జెర్సీ సిటీకి వెళ్లే తాగునీటిలో డాక్టర్ జాన్ లీల్ ఎవరి అనుమతీ అడగకుండా ఇదే పొడి కలిపించారు. అంతర్యుద్ధంలో అంటుకున్న విరేచనాల జబ్బుతో ఆయన తండ్రి ఏళ్ల తరబడి నలిగి చనిపోయారు. నీళ్లలో పొడి కలిపిన వ్యవహారం కోర్టుకెక్కింది. ఆ నీళ్లు మీరు తాగుతారా అని అడిగితే నిశ్చింతగా తాగుతానన్నారు లీల్. నా దృష్టిలో ఈ పొడి చరిత్రలో అన్నిటికంటే ధైర్యమైన మాట అదే. 1910 నాటికి అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం ఈతకొలనులోకీ హైపోక్లోరైట్ చేరింది.

ఆ వెనకటి ఏడాదే, 1909లో, డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్సెన్ నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ కొలమానం ప్రవేశపెట్టారు. కొలను యజమానికి క్లోరిన్ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిసినప్పుడు రెండు రూపాలు పుడతాయి. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం. క్రిముల పొరలోంచి దూసుకుపోయి చంపేది ఇదే. రెండోది హైపోక్లోరైట్ అయాను. ఇది మందకొడి. ఏది ఎంతుండాలో పీహెచ్ తేలుస్తుంది. 7.5 దగ్గర సగం సగం. 8కి వెళితే పనిచేసే రూపం నాలుగో వంతుకు పడిపోతుంది. 8.5 దగ్గర పదో వంతు కూడా మిగలదు. పైగా బ్లీచింగ్ పౌడర్ తనే సున్నం బిడ్డ. పోసిన ప్రతిసారీ పీహెచ్‌ను కాస్త పైకి నెడుతుంది. అందుకే డబ్బా మీద డబ్బా ఖాళీ అవుతున్నా పాచి కదలదు.

మన నేల సంగతి ఇక్కడే వస్తుంది. పిడుగురాళ్ల, మాచర్ల, గురజాల చుట్టూ పరుచుకున్నది నార్జి సున్నపురాయి. బట్టీలకు, సిమెంటు ఫ్యాక్టరీలకు, ఇళ్లలో పరిచే నాపరాళ్లకు ఆ రాయే ఆధారం. దాన్ని నానబెట్టుకుంటూ పైకొచ్చిన బోరు నీళ్లలో కాల్షియం కరిగి ఉంటుంది. సబ్బు నురగ రాదు, గీజరు కాయిలుకు గార కడుతుంది. కొలను నీటిలో కాల్షియం కాఠిన్యం లీటరుకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మంచిది. మన బోర్లలో చాలాచోట్ల నీళ్లు పోసిన రోజే ఆ హద్దు దాటిపోయి ఉండొచ్చు. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, సున్నం కొలనులోనే ఉండిపోతుంది. పీహెచ్ పెరిగిందా, అదంతా టైల్సు అంచున తెల్లటి పెచ్చుగా దిగుతుంది. కాఠిన్యం బొత్తిగా లేకపోయినా కష్టమే. వాననీటితో నింపితే ఆ నీరు టైల్సు మధ్య సిమెంటునే కరిగించి తనకు కావలసిన కాల్షియం లాక్కుంటుంది. ఈ రెంటి మధ్య తూకం లెక్కగట్టే సూత్రాన్ని 1936లో కాలిఫోర్నియా ప్రొఫెసర్ లాంగెలియర్ ఇచ్చారు.

పల్నాడులో సొంత కొలనుకు బ్లీచింగ్ పౌడర్ కంటే ద్రవరూప సోడియం హైపోక్లోరైట్ నయమని నా అభిప్రాయం. అది కాల్షియం కలపదు. పొడే వాడాలంటే లెక్కగా వాడాలి. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతున్న కొలనులో పట్టేది సుమారు 22,600 లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ అందాలంటే 33 శాతం క్లోరిన్ ఉన్న పొడి 70 గ్రాములు చాలు. దాన్ని బకెట్టెడు నీళ్లలో కలిపి, మడ్డి అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోయాలి. పొద్దుగూకాక పోయడం మేలు. ఎండలోని అతినీల కిరణాలు క్లోరిన్‌ను విరగ్గొడతాయి. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల లాంటి చోట వేసవి మధ్యాహ్నం, రక్షణగా సయనూరిక్ ఆమ్లం లేని కొలనులో గంట తిరిగేలోపే సగం ఎగిరిపోతుంది.

పీహెచ్ దించడానికి యాసిడ్ పోస్తారు. దాన్ని, బ్లీచింగ్‌ను ఒకే బకెట్లో ఎన్నడూ కలపకూడదు. షీలే చూసిన ఆ వాయువే ముఖం మీదికి లేస్తుంది. మందు వాసన ఘాటుగా వస్తోంది కాబట్టి క్లోరిన్ ఎక్కువైందనుకోవడం కూడా పొరపాటే. చెమట, మూత్రాలతో కలిసి క్లోరిన్ క్లోరమైన్లుగా మారిందని ఆ వాసనకు అర్థం. కళ్లు మండించేవీ అవే. అక్కడ పనిచేసే క్లోరిన్ నిజానికి తగ్గిపోయి ఉంటుంది. ఈతకు ముందు ఒంటి మీద నీళ్లు పోసుకోమనేది అందుకే.

ఇదే రసాయనం ఊరి ట్యాంకుకూ వర్తిస్తుంది. పీహెచ్ 8 లోపు ఉండి, క్లోరిన్ కలిపాక కనీసం 30 నిమిషాలు ఆగితేనే అది సరిగా పనిచేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పంచాయతీల్లో వాడే క్లోరోస్కోపులో పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉందని తెలుస్తుంది. అది ఏ రూపంలో ఉందో తెలియదు. సున్నపురాయి నేల ఉన్న ప్రతి ఊళ్లో ఆ క్లోరోస్కోపు పెట్టెలో పీహెచ్ కాగితాల చుట్ట కూడా ఒకటి ఉండాలి.