అల్పాయుష్కులైన అద్భుతవీరులు

పది సెంట్లకు అఱువదినాలుగు పుటల రంగుబొమ్మల పుస్తకము లభించుచుండిన 1940 ప్రాంతపు అమెరికాలో, ఒక్క సాహసవీరుని కథకంటె పలువురు వీరులను ఒక్క అట్టక్రింద గుదిగ్రుచ్చిన కథకు గిరాకి హెచ్చునని ప్రచురణకర్తలు కనిపెట్టిరి. 1940-41 శీతకాలమున ఆల్ స్టార్ కామిక్స్ మూడవ సంచికలో అవతరించిన జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికాతో ఈ సంప్రదాయము మొదలయ్యెను. సొంత పత్రిక సంపాదించుకొన్న వీరుడు గౌరవసభ్యుడై తప్పుకొనవలెనను నియమ మొకటి అందుండెను. పేరు వచ్చినవాని చోటును పేరు రావలసినవాని కిచ్చుటయే అందలి వ్యాపారసూత్రము. ఆ సంఘము 1951 వఱకు నిలిచెను గాని, దానిని చూచి పుట్టిన తక్కిన బృందములకు అంతటి ఆయువు లేకపోయెను.

1941-42 శీతకాలమున లీడింగ్ కామిక్స్ తొలి సంచికతో పుట్టిన సెవెన్ సోల్జర్స్ ఆఫ్ విక్టరీని చూడుడు. మోటారుసైకిలుపై తిరుగు గోపాలక గాయకుడు విజిలాంటి, ఆర్థరు రాజు కొలువునుండి మంచులో గడ్డకట్టి మన కాలమునకు వచ్చిపడిన షైనింగ్ నైట్, విలుకాండ్రైన గ్రీన్ యారో, స్పీడీలు, ఎఱ్ఱ ముసుగు క్రిమ్సన్ అవెంజర్ అందు గలరు. ధనికుల బిడ్డడైన స్టార్ స్పాంగిల్డ్ కిడ్ తమ జంటకు నాయకుడు కాగా, వారింటి కారు నడుపు స్ట్రైప్సీ వానికి అనుచరుడు. పెద్దవాడు పిల్లవాని వెంట నడచు ఈ తలక్రిందుల ఏర్పాటే నాకు మిక్కిలి ముచ్చట గొలుపును. లెక్కకు ఏడుగురే. కాని క్రిమ్సన్ అవెంజర్ సేవకుడైన వింగ్ అను చైనా యువకుడు, తానును వేషము ధరించి పోరులో పాల్గొనుచుండియు, సభ్యుడుగా పరిగణింపబడలేదు. తెల్లజాతి అనుచరులైన స్పీడీకి, స్ట్రైప్సీకి దక్కిన గణన ఆతనికి దక్కకపోవుటకు కారణము వెదుక నక్కఱలేదు. ముప్పది యేండ్ల పిమ్మట, 1972లో, వేఱొక రచయిత ఆతనిని ప్రాణత్యాగము చేసిన వీరునిగా చిత్రించి ఆ బాకీ కొంత తీర్చెను. లీడింగ్ కామిక్స్ మాత్రము పదునాలుగు సంచికలైన పిదప 1945లో వీరులను సాగనంపి, జంతువుల హాస్యకథలకు మరలెను.

అంతకంటె అల్పాయువు ఆల్ విన్నర్స్ స్క్వాడ్‌ది. టైమ్లీ ప్రచురణసంస్థ 1946లో కెప్టెన్ అమెరికా, హ్యూమన్ టార్చ్, సబ్‌మెరీనర్ అను తన మువ్వురు మేటి వీరులను, బకీ, టోరో అను బాలసహచరులను, మిస్ అమెరికాను, విజ్జర్‌ను ఒక్కచోట చేర్చెను. ఈ విజ్జర్‌కు మెఱుపువేగము అబ్బిన వృత్తాంతము వినదగినది: పాముకాటు తిన్న బిడ్డకు తండ్రి ముంగిస రక్తము నెక్కింపగా, విషము విరుగుటయే గాక కాళ్లకు జవము వచ్చినదట! ముంగిసకు పామునకు గల వైర మెఱిగిన మన పాఠకులకు ఇది మఱీ వింతగా తోపకపోవచ్చును. బ్యాట్‌మాన్ సృష్టిలో సగపాలు గలిగియు జీవించియుండగా ఆ గౌరవ మెఱుగని బిల్ ఫింగర్ ఆల్ విన్నర్స్ పందొమ్మిదవ సంచికలోని తొలి కథను, ఆటో బైండర్ ఇరువదియొకటవ సంచికలోని రెండవ కథను వ్రాసిరి. అంతే, మూడవ కథ లేదు.

ఇందుకు కారణము లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినది; సైనికుల మూటలలో చోటుచేసికొన్న వీరగాథలకు మునుపటి ఆదరణ తఱిగి, నేరకథలు, ప్రేమకథలు అంగళ్ల నాక్రమించెను. కెప్టెన్ అమెరికా పత్రికయే 1949లో భూతప్రేతకథల బాట పట్టెను. మఱుసటి యేట వెలువడిన డెబ్బదియైదవ సంచిక అట్టపై ఆతని పేరున్నది గాని, లోపల ఆతని కథ ఒక్కటియు లేదు.