డార్క్ మోడ్ పెడితే కళ్లు సేఫేనా? నా అనుభవం ఇదీ!

బీటెక్‌లో కోడింగ్ మొదలుపెట్టినప్పటి నుంచి నాది డార్క్ మోడే. కోడ్ ఎడిటర్, బ్రౌజర్, వాట్సాప్, అన్నీ నలుపే. ఆఫీసులో ఎవరైనా లైట్ థీమ్ వాడుతుంటే "కళ్లు పోతాయి బ్రో" అని ఆటపట్టించేవాడిని. చివరికి కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లింది మాత్రం నేనే!

సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాల చుట్టూ మసక మసకగా కనిపించేది. మానిటర్ ప్రాబ్లమ్ అనుకున్నా. టెస్ట్ చేయిస్తే రెండు కళ్లకూ సిలిండర్ పవర్ ఉందని తేలింది. అంటే ఆస్టిగ్మాటిజం.

అసలేం జరుగుతుందంటే..

స్క్రీన్ చీకటిగా ఉంటే కంటిపాప పెద్దదవుతుంది. కెమెరాలో అపర్చర్ పెంచితే ఫోకస్‌లో ఉండే భాగం తగ్గిపోతుంది కదా, ఇక్కడా అంతే. కంట్లో చిన్న లోపం ఉన్నా అది ఎక్కువగా బయటపడి, తెల్ల అక్షరాల అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. లైట్ మోడ్‌లో కంటిపాప చిన్నదవుతుంది, అక్షరం షార్ప్‌గా ఉంటుంది. 2013లో జర్మనీ పరిశోధకులు చేసిన స్టడీలో కుర్రాళ్లూ పెద్దవాళ్లూ ఇద్దరూ తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీది నల్ల అక్షరాలనే మెరుగ్గా చదివారు.

మరి డార్క్ మోడ్ వేస్టా?

అస్సలు కాదు. లైట్లు ఆపేసిన గదిలో తెల్ల స్క్రీన్ కళ్లలో గుచ్చుకుంటుంది, అక్కడ డార్క్ మోడే హాయి. ఇక బ్యాటరీ సంగతి. ఓఎల్‌ఈడీ డిస్‌ప్లేలో నలుపు ఉన్నచోట పిక్సెల్ ఆగిపోతుంది కాబట్టి పవర్ మిగులుతుంది. అయితే అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ 2021 స్టడీ ప్రకారం ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఆదా 39 నుంచి 47 శాతం ఉన్నా, మనం మామూలుగా వాడే 30-50 శాతం బ్రైట్‌నెస్‌లో సగటున 3 నుంచి 9 శాతమే. ఎల్‌సీడీ ఫోన్‌లో బ్యాక్‌లైట్ ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది, కాబట్టి పెద్దగా తేడా రాదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే..

* పగలు లైట్, రాత్రి డార్క్. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ షెడ్యూల్ పెట్టుకోవచ్చు.
* స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పెట్టి చూస్తా. స్క్రీన్ కాగితం కంటే బల్బులా వెలుగుతుంటే బ్రైట్‌నెస్ తగ్గిస్తా.
* డార్క్‌లో కటిక నలుపు బదులు ముదురు బూడిద రంగు థీమ్ వాడతా. అక్షరాలు మరీ మెరవవు.
* 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూస్తా. స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా కొడతాం, కళ్లు పొడిబారేది అందుకే. దీన్ని ఏ థీమూ ఆపలేదు.

ఫైనల్‌గా

డార్క్ మోడ్ ఒక సెట్టింగ్ మాత్రమే, కళ్లకు కవచం కాదు. ఇదే ఆర్టికల్‌ని రెండు మోడ్‌లలోనూ చదివి చూడండి. డార్క్‌లో అక్షరాలు మసకగా అనిపిస్తే థీమ్ మార్చి ఊరుకోకండి, ఒకసారి కళ్లు చెక్ చేయించుకోండి. నా తలనొప్పి తగ్గింది కొత్త థీమ్‌తో కాదు, కళ్లజోడుతో!