చెవిలో హోరు: ముందు ఏ పరీక్ష?

బయట ఏ శబ్దమూ లేకున్నా చెవిలో గుయ్‌మని, కీచుమని, హోరుమని వినిపిస్తుంటే వైద్యులు దాన్ని టినిటస్ అంటారు. పెద్దవాళ్లలో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఈ బాధ తెలుసు. ఇది జబ్బు కాదు, లక్షణం. దీని వెనక గట్టిపడిన గులిమి ఉండొచ్చు, అరుదుగా వినికిడి నరం మీద కణితి ఉండొచ్చు. అందుకే కొందరు భయంతో నేరుగా స్కానింగ్‌కి పరుగెడతారు. ఇంకొందరు వయసు మీదపడుతోందిలే అని ఏళ్లతరబడి ఓర్చుకుంటారు. రెండూ పొరపాటే. ఏ పరీక్ష కావాలో ఆ శబ్దం తీరును బట్టే తేలుతుంది.

మొదట మాట, తర్వాతే మిషన్

ఒక చెవిలోనా, రెండింటిలోనా? ఆగకుండా వస్తోందా, నాడితో పాటు కొట్టుకుంటోందా? వినికిడి తగ్గిందా, కళ్లు తిరుగుతున్నాయా? ఈఎన్‌టీ డాక్టరు ముందు ఇవి అడుగుతారు. మరమగ్గాల మోతలో పనిచేసేవారు, డీజే బాక్సుల దగ్గర ఉండేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. వాడిన మందులూ చెప్పాలి. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, జెంటామైసిన్, అమికాసిన్, క్యాన్సర్‌కిచ్చే సిస్‌ప్లాటిన్ చెవిని దెబ్బతీయగలవు. అలాగని మందు సొంతంగా మానేయొద్దు. తర్వాత ఓటోస్కోపుతో చెవిలోకి చూస్తారు. గులిమి, చీము, కర్ణభేరికి చిల్లు ఉంటే అక్కడే బయటపడతాయి.

కీలకం ఆడియోగ్రామే

శబ్దం చొరబడని గదిలో, సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా, ఎంత చిన్న ధ్వని వినగలరో కొలుస్తారు. పెద్ద మోతల వల్ల చెవి పాడైతే తరచూ 4000 హెర్ట్జ్ దగ్గర గీత గుంటలా దిగుతుంది. వయసు వల్లయితే పై స్థాయి ధ్వనుల వైపు క్రమంగా వాలుతుంది. లోపలి చెవి నుంచి సంకేతాలు తగ్గినప్పుడు మెదడు తన సున్నితత్వాన్ని పెంచుకోవడం వల్లే హోరు పుడుతుందని శాస్త్రవేత్తల్లో చాలామంది భావన. కర్ణభేరి వెనక నీరు చేరిందేమో టింపనోమెట్రీ చెబుతుంది. లోపలి చెవిలోని వెలుపలి రోమకణాల పనితీరు ఓఏఈతో, వినికిడి నరం పనితీరు బెరాతో తెలుస్తాయి.

ఎంఆర్‌ఐ అందరికీ కాదు

హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, రెండు చెవుల వినికిడిలో తేడా ఉన్నా, నరాల లోపం కనిపించినా, నాడితో పాటు కొట్టుకుంటున్నా స్కాన్ అవసరం. మిగతావారికి అలవాటుగా రాయొద్దని అమెరికా ఈఎన్‌టీ అకాడమీ 2014లోనే సూచించింది. నాడితో కలిసి వచ్చే శబ్దానికి రక్తనాళాలను చూపే యాంజియోగ్రామ్ కావాల్సి రావొచ్చు. రక్తహీనత, థైరాయిడ్ అనుమానముంటే రక్తపరీక్షలు చేస్తారు.

అన్నీ నార్మలైతే?

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ వినికిడి బాగున్న 80 మందిని నిశ్శబ్దపు గదిలో కూర్చోబెడితే 94 శాతం మందికి ఏదో శబ్దం వినిపించింది. కాబట్టి రిపోర్టు నార్మలైనంత మాత్రాన రోగి చెప్పేది అబద్ధం కాదు. హోరు జీవితాన్ని ఎంత కుదిపిందో 25 ప్రశ్నల టీహెచ్‌ఐతో కొలుస్తారు. వినికిడి యంత్రం, సౌండ్ థెరపీ, కౌన్సెలింగ్ చాలామందికి ఊరటనిస్తాయి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. హోరుతో పాటు ఉన్నట్టుండి వినికిడి పడిపోతే అదే రోజు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లోనే బాగా పనిచేస్తుంది.