కలుపుగంపలోని కూర

తెలంగాణపు చల్కనేలలలో తొలకరి జల్లు పడి, పత్తియో కందియో మొలకెత్తి నిలదొక్కుకొనకమునుపే, సాలునకు సాలునకు నడుమ నేలనంటి, ఎఱ్ఱని కాడలను నలుదిక్కులకు చాచి, కండగల చిన్నిఆకులతో నిగనిగలాడుచు ఒక మొక్క తన వాటా భూమిని ఆక్రమించుకొని యుండును. దానిని తెలంగాణమున గంగవాయిలి యనియు, ఆంధ్ర జిల్లాలలో గంగపాయల యనియు, పావిలి యనియు పిలుతురు. చేనుగలవానికి అది కలుపు. ఆ కలుపు తీయ వచ్చిన కూలి స్త్రీకి అది ఆ రాత్రి పప్పులోనికి కూర. ఇరువురిలో నేను రెండవవారి పక్షము వాడనైనను, మొదటివాని ఫిర్యాదులో న్యాయము లేదనజాలను.

లీరాయ్ హోల్మ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ప్రపంచములోని కలుపుమొక్కలను పరిశీలించి 1977లో ప్రకటించిన గ్రంథమున, పంటలకు మిక్కిలి చెఱుపు చేయునవిగా ఎన్నిన 18 మొక్కలలో తుంగ, గరికలతో పాటు గంగపాయలకును చోటు దొరకినది. ఈ ఖ్యాతికి మూలము దాని కాయలో కలదు. ఉదయపుటెండలో కొన్ని గంటలు మాత్రమే విచ్చుకొను పసుపుపచ్చని పువ్వు ముడుచుకొనిన పిదప, కొమ్మకొసను ఆకులగుత్తి నడుమ చిన్నకాయ యేర్పడును. పండినప్పుడది అడ్డముగ చుట్టును చీలి, పైసగము కుంకుమభరిణ మూతవలె ఊడివచ్చును. లోపల కంటికి ఆనీ ఆనని నల్లని గింజలు. బలిసిన మొక్క ఒక్కటే అట్టివి లక్షకు మించి రాల్చగలదు. పెఱికి పారవైచినను, కాడలలో దాచుకొన్న నీటితో కొన్నాళ్లు బ్రదికి, పచ్చికాయలను పండించుకొనును. తడి తగిలిన కాడముక్క మరల వేళ్లు తన్నును. కావుననే అనుభవము గలవారు పీకిన గంగపాయలను చేనిలో వదలక గంపకెత్తుదురు.

ఈ మొండితనమునకు కారణము వెదకినవారికి చిత్రమైన సంగతి బయటపడినది. ఏ మొక్కయైనను ఆకులయందలి సూక్ష్మరంధ్రములను తెఱచి గాలినుండి బొగ్గుపులుసు వాయువును గ్రహింపవలెను. తెఱచినంతసేపును లోపలి నీరు ఆవిరియై పోవుచుండును. జొన్న, చెఱకు మొదలగునవి ఆ వాయువును ఒకచోట కూడబెట్టి వాడుకొను నేర్పుచే తీవ్రమైన ఎండలో శీఘ్రముగ పెరుగును. నాగజెముడు, అనాస వంటివి పగలు రంధ్రములు మూసికొని, రాత్రి చల్లదనములో తెఱచి, గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లరూపమున నిలువచేసి, మరునాడు వెలుగు వచ్చిన పిదప వెచ్చించును. వీనికి పొదుపే గాని పెరుగుదలలో వేగము లేదు. గంగపాయలకు ఈ రెండు విద్యలును తెలియునని పూర్వమే కనుగొన్నను, అవి ఆకులో ఎచ్చట ఎట్లు జరుగుచున్నవో చాలకాలము తేలలేదు. రెండును ఒకే కణములలో కలిసి నడచుచున్నవని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికాముఖమున నిరూపించిరి. నేలలో తడి యున్నన్నాళ్లు త్వరత్వరగ విస్తరించి, తడి యాఱగానే రాత్రి సంపాదనకు మరలి ప్రాణము నిలుపుకొను ఈ మొక్కకు, గులకరాళ్ల నేలయు బాటపక్కయు సమానమే.

ఆ రాత్రి సంపాదన నాలుకకును తెలియును. నీరెండిన నేలలోని గంగపాయలను తెల్లవారుజామున తుంచినచో పులుపు హెచ్చుగను, అదే కొమ్మను సాయంకాలము తుంచినచో తక్కువగను ఉండును. లేతకొసలను గిల్లి, కాడల మడతలలో చిక్కిన ఇసుక పోవునట్లు రెండుమూడు నీళ్లు కడిగి, కందిపప్పుతోను పచ్చిమిరపకాయలతోను ఉడికించి, వెల్లుల్లితో పోపు పెట్టుట మన యిండ్ల పద్ధతి. ఆకు పులుపెరిగిన ఇల్లాలు చింతపండును దానికి తగినట్లు తగ్గించును. ఆకులోని సహజమైన జిగురు పప్పును చిక్కపఱచును. పాలకూరవలె దీనియందును ఆక్సలేటు విస్తారముగ నున్నది గనుక మూత్రపిండములలో రాళ్లు గలవారు మితము పాటింపవలెను. పెరుగుతో కలిపి తినినచో అందలి కాల్షియం ఆక్సలేటును కొంత బంధించును. ఏరుకొనునప్పుడు ఒక్క జాగ్రత్త: నేలబారున అల్లుకొను మొక్కలు మఱికొన్ని దీనిని పోలియుండును, వానిని తుంచగా పాలు కారును. గంగపాయలను తుంచినచో వచ్చునది నీరే.

దీనిని తినుట మన యొక్కరి ఆచారము కాదు. లెబనాను వారు ఫత్తూష్ అను పచ్చికూరల మిశ్రమములో దీనిని కలుపుదురు, తురకీవారు పెరుగుతో తిందురు. అమెరికాలో థోరో అను రచయిత తన చేలో ఏరిన ఈ ఆకును ఉడికించి ఉప్పు చల్లుకొని తృప్తిగ భుజించినట్లు 1854 నాటి ‘వాల్డెన్’లో వ్రాసికొన్నాడు. 1986లో దీని ఆకులలో ఒమేగా-3 జాతి కొవ్వు ఉన్నదని వైద్యపత్రికలో వెలువడినది మొదలు, దీనికి దివ్యాహారమను బిరుదు తగిలించి అమ్మువారు బయలుదేరినారు. చేపలలోని కొవ్వు వేఱు, ఈ ఆకులోనిది వేఱు; దీనిని మన దేహము ఆ రూపమునకు మార్చుకొనునది స్వల్పమే. మంచి ఆకుకూర యనిన చాలును, అంతకు మించిన కీర్తనము దానికి అక్కఱలేదు. దక్షిణ అమెరికానుండి వచ్చి మన పెరటికుండీలలో గడ్డిగులాబీ పేర రంగురంగుల పూలు పూయుచున్నది దీనికి దాయాదియే. దానికెవ్వరును కలుపు పేరు పెట్టలేదు.

జహీరాబాదు ప్రాంతమున పస్తాపూరు కేంద్రముగ పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన స్త్రీలు, విత్తకయే చేలలో మొలచు ఇట్టి ఆకుకూరలు పేదయింటి ఆహారములో ఎంతటి భాగమో చిరకాలముగ చాటుచున్నారు. వారి మాటలోని యథార్థము గింజను గమనించినచో మఱింత స్పష్టమగును. గంగపాయల గింజకు మొలచుటకు వెలుగు కావలెను. అంగుళము లోతున పూడిన గింజ మొలవక, చావక, ఏండ్ల తరబడి నిద్రించును. గుంటక తోలినప్పుడు, కొడవలితో కలుపు త్రవ్వినప్పుడు, ఆ గింజలు కొన్ని మీదికి వచ్చి మొలకెత్తును. తీసినకొలది మరల వచ్చుటకు హేతువిదియే. కలుపుమందు చల్లిన చేలో మొలచినది మాడిపోవును, మందు తగిలినదానిని కూరకు కోయరాదు. మందు పని చేసిన పిదప కలుపుతీత లేదు గనుక కూలికి వచ్చు స్త్రీయు లేదు. మిగిలిన ఆకు కట్టలుగ కట్టబడి పట్టణపు సంతకు వచ్చుచున్నది. వెనుక ఊరక దొరకినదానికి ఆమెయు అచ్చట వెల చెల్లించుచున్నది.